గుణవృక్షము: మన తీరపు ఓడల త్రాళ్లు, గిలకలు



బందరు రేవు చరిత్ర చెప్పువారు సాధారణముగా అద్దకపు వస్త్రములతో ఆరంభింతురు. పిమ్మట 1605లో డచ్చివారు వచ్చిరనియు, 1611లో ‘గ్లోబు’ అను ఓడపై ఇంగ్లీషువారు వచ్చిరనియు, 1669లో ఫ్రెంచివారు వర్తకశాల నెలకొల్పిరనియు వరుసగా చెప్పుదురు. ఇవి యన్నియు చెప్పదగినవే. కాని ఆ వస్త్రములు సముద్రమును దాటినదెట్లు? ఓడమీద. ఓడ నడచినదెట్లు? తెరచాపతో. తెరచాప నిలిచినదెట్లు? కొయ్యతో. కొయ్య నిలిచినదెట్లు? త్రాళ్లతో. ఆ త్రాళ్లు అరిగిపోయినప్పుడు మనవారేమి చేసిరి? ఈ తుదిప్రశ్నను చరిత్ర గ్రంథములు అడుగుట అరుదు. నేనీ సాయంకాలము దానినే అడుగదలచితిని.

ఇది చిల్లర విషయమని కొందరికి తోచవచ్చును. రథము విరుగుట సామాన్యముగా ఇరుసుసీల ఊడుటతో ఆరంభమగును. ఓడయును అట్టిదే. నడిసముద్రమున గాలి త్రిప్పుకొన్నప్పుడు, ఒక పీచుత్రాడు లోపల పొడియై యున్నచో కొయ్య కూలును. కొయ్య కూలినచో ఓడ ప్రక్కకు ఒరగును. పదునైదేండ్ల వర్తకమును, నలువదిమంది ప్రాణములును ఒక మూరెడు త్రాటిమీద వ్రేలాడుచుండును. కావున అరిగినదానిని తెగకముందే గుర్తించి మార్చుట యనునది ఓడవారికి విద్యలలోకెల్ల పెద్దవిద్య.

మొదట శబ్దమును విచారింతము. పండితుల యలవాటు అది. అమరకోశమున వారివర్గములో ఓడకొయ్యకు రెండు పేర్లున్నవి. ఒకటి కూపకము, రెండవది గుణవృక్షకము. ‘గుణ’ శబ్దమునకు సుగుణము దుర్గుణము అను అర్థమే మనకు వాడుకలో ఎక్కువ. దానికి త్రాడు అనియు అర్థము కలదు. వింటినారికి గుణమని పేరు అందుచేతనే. కాబట్టి గుణవృక్షకమనగా త్రాళ్ల చెట్టు. ఈ పేరు పెట్టినవాడు ఓడను చూచి పెట్టినాడే కాని ఊహించి పెట్టలేదు. నేలలోని చెట్టును వేళ్లు నిలుపును. ఓడకొయ్యకు వేళ్లు లేవు. దాని మొదలు ఓడయడుగున ఒక దిమ్మెలో కూర్చుండును, అంతియే. దానిని నిలుపునవి పైనుండి దిగు త్రాళ్లు. వేళ్లు తలక్రిందులై ఆకసమునుండి దిగినట్లుండును.

ఈ త్రాళ్లు రెండు తెగలు. కదలక బిగువుగా నిలుచునవి ఒక తెగ. కొయ్య కొననుండి ముందునకు, వెనుకకు, ఇరుప్రక్కలకు దిగి, కొయ్యను పట్టుకొనును. ఎప్పుడును కదలుచుండునవి రెండవ తెగ. తెరచాపను ఎత్తుటకును, దించుటకును, గాలి కెదురుగా త్రిప్పుటకును గిలకలలో పరుగెత్తును. మొదటి తెగ ఎండకు, వానకు, ఉప్పునకు చెడును. రెండవ తెగ రాపిడికి చెడును. చెడు విధము వేరుగాన చూచు విధమును వేరు. ఈ భేదము తెలిసినవాడే ఓడ మరమ్మతు చేయగలడు.

ఇక మన దేశమునకు వత్తము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి గ్రీకు నావికుని గ్రంథమగు పెరిప్లసులో మన తీరము ‘మసాలియా’ అను పేర కనబడును. సన్ననిబట్టలు అచ్చట విరివిగా నేయుదురని అందులో నున్నది. రెండవ శతాబ్దపు టాలెమీ ఈ దేశమును ‘మైసోలియా’ అనియు, ఒక రేవును ‘కంటకస్సిల’ అనియు వ్రాసెను. ఇదియే దివిసీమ ప్రక్కనున్న నేటి ఘంటసాల. సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమునకు తిరుగు తావు మన తీరమునందే యుండెనని కూడ ఆయన వ్రాసెను. తీరము వెంట పోవు పడవకు త్రాడు తెగినచో ఒడ్డు దగ్గర నుండును. ఒడ్డు విడిచి తూర్పునకు తిరిగిన ఓడకు తనతో తెచ్చుకొన్న త్రాడు తప్ప వేరు దిక్కు లేదు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనములలో ‘మహానావిక’ శబ్దము కలదు. బౌద్ధస్తూపమునకు దానమిచ్చిన వారిలో అట్టివారుండిరి. గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు స్తూపములను అలెగ్జాండరు రీ పరిశోధించి 1894లో ప్రకటించిన గ్రంథము మన ప్రాంతపు ప్రాచీనతకు నేటికిని ఆకరమే.

ఈ కాలపు ఓడ యెట్లుండెనో శాతవాహనుల నాణెములు చూపుచున్నవి. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలగువారి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. బొటనవ్రేలి గోరంత చోటున చెక్కిన ఆ బొమ్మలో శిల్పి తెరచాపను చూపలేదు, సరకును చూపలేదు, మనుష్యులను చూపలేదు. కాని కొయ్యలనుండి దిగు త్రాళ్లను మాత్రము గీతలుగా చెక్కెను. చోటు చాలనివాడు ముఖ్యమైనదానినే ఉంచును గదా! త్రాళ్లు లేని ఓడ ఓడవలె కనబడదని ఆ కంసాలికి తెలియును.

ఇక కట్టుడు విషయము. మేకులు కొట్టి పలకలను కూర్చుట పడమటివారి పద్ధతి. హిందూమహాసముద్రపు ఓడలలో ననేకము పీచుత్రాటితో కుట్టబడినవి. పలకల అంచులకు రంధ్రములు తొలిచి, సందునకు లోపల నారనో గడ్డినో కట్టగా పెట్టి, దానిమీదుగా త్రాటిని అల్లి బిగింతురు. భోజునికి ఆరోపింపబడిన ‘యుక్తికల్పతరువు’ సముద్రమున పోవు నావల పలకలను ఇనుముతో బంధింపరాదని శాసించుచున్నది. సముద్రమున అయస్కాంతపు శిలలుండి ఇనుమును ఆకర్షించునని అది చెప్పిన కారణము. కారణము నిలువదు, కాని నిషేధములో అనుభవమున్నది. ఇనుపమేకు ఉప్పునీట త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును గాన రంధ్రమును పగులగొట్టును. ఆ చుట్టుపట్ల కొయ్య నల్లబడి మెత్తనై మేకును పట్టజాలదు. బయటికి మేకుతల నిగనిగలాడుచునే యుండును. లోపల మెడ సన్నగిలి యుండును. పీచుకుట్టు అట్లు మోసపుచ్చదు. అది చెడినచో కంటికి కనబడును, వ్రేలికి తగులును, కుట్టును విప్పి మరల కుట్టవచ్చును, పలక చెడదు.

కొబ్బరిపీచు గుణము చిత్రమైనది. ఉప్పునీట నానవేసి కొట్టి తీసిన పీచు ఉప్పునీటిని ఓర్చును. మంచినీటిలో అంత ఓర్వదు. జనపనార త్రాడు పీచుకన్న బలమైనదే కాని తడికి కుళ్లును. అందుచేతనే పడమటివారు దానికి తారు పట్టించిరి. మన జిల్లాలలో జనుము, గోగు రెండును పండును. పీచు మలబారునుండియు, సింహళమునుండియు, మాలదీవులనుండియు ఓడలకు వచ్చుచుండెను. దేని చోట దానిని వాడుటయే నేర్పు.

అలలు విరుగు మన తీరమున కుట్టుపడవ మరియొక విధముగా కూడ ఉపకరించెను. పెద్ద ఓడలు ఒడ్డునకు రాజాలక దూరమున లంగరు వేయును. సరకును, మనుష్యులను ఒడ్డునకు తెచ్చునవి ‘మసూలా’ పడవలు. వీనికి లోపల ప్రక్కటెముకలవంటి కట్టెలు లేవు; పలకలును కుట్టును మాత్రమే. ఇసుకకు తాకినప్పుడు బిఱుసుపడవ పగులును; ఈ పడవ కొంచెము వంగి మరల తన రూపునకు వచ్చును. కాని ఆ వంగుటలోనే కుట్టు అరుగును. కాబట్టి కుట్టు మార్చుట ఈ పడవకు రోగము వచ్చినప్పటి చికిత్స కాదు. నిత్యనైమిత్తికములవలె కాలము ననుసరించి జరుగవలసిన కర్మ. ఎల్లకాలము నిలుచు బంధము కావలెనని మనవారు కోరలేదు. సులభముగా మార్చదగిన బంధమును కోరిరి. ఇందు గొప్ప వివేకమున్నది.

మార్చనివాని గతి యేమి? ఇందుకు శాసనసాక్ష్యమున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో ఓడవర్తకులకు అభయశాసనము వేయించెను. ఒక దేశమునుండి మరియొక దేశమునకు బయలుదేరి, గాలివానచేత కొట్టబడి, పగిలి, తమది కాని రేవున పడిన ఓడల ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను, సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరనియు, తాను నియమిత సుంకమును తప్ప మిగిలినదంతయు విడిచితిననియు అందులో చెప్పెను. ధనముకంటె ప్రాణమే గొప్పదనియు, ఆ ప్రాణమును సముద్రమున పణముగా పెట్టినవారిపై దయ చూపుచున్నాననియు ఆ రాజు భావము. ఈ శాసనమును మనము రాజుయొక్క ఔదార్యమునకు చదువుదుము. ఓడవాని కన్నుతో చదివినచో వేరొకటి కనబడును. అంతకుముందు తెగిన త్రాడు ప్రాణమునకే కాదు, ఆస్తికిని ముప్పు. కొయ్య విరిగి పరాయితీరమున పడిన వర్తకుడు బ్రతికి బయటపడినను బికారి యగుచుండెను. మోటుపల్లిలోనే 1358లో రెడ్డిరాజుల శాసనమును వెలసెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ద్వీపాంతరములనుండి సుగంధద్రవ్యములను తెప్పించిన వర్తకుడు. ఇట్టివారి వ్యాపారమున సగము ధైర్యము రాజు అభయముమీదను, సగము ఓడత్రాళ్లమీదను ఆధారపడి యుండెను.

ఇక బందరు. గోలకొండ సుల్తానుల కాలమున ఇది ఆ రాజ్యమునకు ముఖద్వారము. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వంగసముద్రమున ఇదియే మేలైన లంగరు తావని మెచ్చెను. పెగు, సయాము, అరకాను, మక్కా, హొర్ముజు మొదలగు దేశములకు ఇచ్చటినుండి ఓడలు పోవుచుండెను. కాని బందరు తీరము మిక్కిలి పల్లము, బురద. పెద్దయోడను ఒడ్డున కెక్కించి అడుగు చూచుటకు వీలైన తావు కాదు. ఆశ్వయుజ కార్తికములలో గాలివానలు పుట్టు కాలమున తెఱపి సముద్రమున లంగరు వేసియుండుట ఆత్మహత్యయే. అప్పుడు ఓడలు నదీముఖముల మరుగు చేరవలెను. ఆ మరుగే మరమ్మతు కాలమునయ్యెను.

అట్టి తావులలో ముఖ్యమైనది బందరునకు ఈశాన్యమున వసిష్ఠ గోదావరిపైనున్న నరసాపురము. ఇచ్చట మన విషయమునకు సరిగా సరిపడు సాక్ష్యమొకటి కలదు. తామస్ బౌరీ అను ఇంగ్లీషు నావికుడు 1669 మొదలు 1679 వరకు వంగసముద్రపు దేశములలో తిరిగి చూచినవి వ్రాసియుంచెను. ఆ వ్రాతప్రతి 1905లో కేంబ్రిడ్జిలో హక్లూయిటు సంఘమువారిచే అచ్చువడినది. నరసాపురమున మంచి కలప, మంచి ఇనుము దొరకుననియు, ఇంగ్లీషు వర్తకులు ఏటేట అచ్చట ఓడలు కట్టించుకొనుచుండిరనియు, ఇచ్చటి హిందూ కమ్మరులు మేకులు, బోల్టులు, లంగరులు నేర్పుతో చేయుదురనియు ఆయన వ్రాసెను. ఓడను నీటికి దింపుటలో ఇచ్చటివారి చాతుర్యము లోకమున మరెచ్చటను చూచినదానికి తీసిపోదని మెచ్చెను. అన్నిటికంటె ముఖ్యముగా కొయ్యను ప్రక్కలను ముందువెనుకలను పట్టు త్రాళ్లను, తదితరమైన ఓడ సరంజామాను చేయుటలో వీరికి శ్రేష్ఠమైన పద్ధతి యున్నదని ప్రత్యేకముగా పేర్కొనెను. సముద్రమున బ్రదుకువాడు, తన ప్రాణమును ఏ త్రాటికి అప్పగింపవచ్చునో ఎరిగినవాడు, పరదేశి, ఇట్లు వ్రాసెననగా అది మన పనివారికి లభించిన యోగ్యతాపత్రము. అద్దకపు పనివారి పేరు లోకమంతయు వ్యాపించినది. ఈ త్రాళ్ల పనివారి పేరు ఆ ఒక్క పుటలో నిలిచినది. అదియు మనభాషలో కాదు.

ఆ పద్ధతి యెట్టిదో పుస్తకములలో విపులముగా లేదు గాన, నేను పదవి విరమించిన పిమ్మట గిలకలదిండిలోను, నాగాయలంక ప్రాంతములోను ముసలి పడవవారి నడిగి కొంత తెలిసికొంటిని. గిలకలదిండి బందరు మత్స్యకారుల రేవు. ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు కప్పీ యను అర్థముగల గిలకయే జ్ఞప్తికి వచ్చును. ఇది చెవికి తోచిన సామ్యమే గాని చరిత్రకు ప్రమాణమని నేననుట లేదు. వారు చెప్పిన సంగతులలో కొన్నింటిని మీకు విన్నవింతును.

మొదటిది: త్రాటిని పైకి చూచి నమ్మరాదు. పురిని విప్పి లోపలి పోగులను చూడవలెను. పైపోగులు బొచ్చు లేచినను లోపల బంగారువన్నె యున్నచో త్రాడు బ్రతికియున్నది. పైన నున్నగా నుండి, లోపల బూడిదవన్నె పొడి రాలినచో అది చచ్చినది. రెండవది: త్రాడు చెడునది అంతట సమముగా కాదు. గిలకమీద ఆనుచోట, ముడి వేసినచోట, కొయ్యకు రాచుకొనుచోట చెడును. కాబట్టి ఏడాదికొకసారి త్రాటిని కొసలు తారుమారు చేసినచో రాపిడి పడుచోటు మారి, ఒక త్రాడు రెండు త్రాళ్ల కాలము వచ్చును. మూడవది: త్రాడు మాటిమాటికి ఒకేచోట తెగుచున్నచో తప్పు త్రాటిది కాదు, గిలకది. గిలక ఇరుసు అరిగి ప్రక్కకు ఒరిగినచో దాని అంచు కత్తివలె త్రాటిని కోయును. గిలకను మార్చక త్రాటిని మార్చువాడు జ్వరమును విడిచి చెమటను తుడుచువాడు. నాలుగవది: కొయ్యను నిలుపు త్రాళ్లను ఒకేసారి విప్పరాదు. ముందుగా ఒక మోకును కట్టి కొయ్య బరువును దానిపై వేసి, అప్పుడు పాతదానిని ఒక్కదానిని విప్పి, క్రొత్తదానిని బిగించి, ఎదుటిప్రక్క దానిని పిమ్మట చూడవలెను. ఒకవైపు క్రొత్తత్రాడు, ఒకవైపు పాతత్రాడు ఉంచరాదు. క్రొత్తది సాగును, పాతది సాగదు, కొయ్య వంగును. కావున జతగా మార్చవలెను. క్రొత్తవి సాగిన పిమ్మట మరల బిగింపవలెను.

ఐదవ సంగతిని ఒక వృద్ధుడు చెప్పెను. ‘అయ్యా, తెగవలసినది చవకదై యుండాల’ అనెను. పెద్దయోడలలో ప్రక్కత్రాటిని ఓడయంచుకు నేరుగా కట్టరు. నడుమ కన్నులుగల రెండు కొయ్యబిళ్లలను పెట్టి, వానిని సన్ననిత్రాటితో కలిపి బిగింతురు. అరుగునది ఆ సన్ననిత్రాడు. దానిని రెండు గడియలలో మార్చవచ్చును. పెద్దమోకు చెక్కుచెదరదు. వృద్ధుని మాటలో నాకు రాజనీతియే వినబడినది. ఏ ఏర్పాటునందైనను భారమంతయు వచ్చిపడుచోట, మార్చుటకు సులభమైన భాగమును ఉంచినవాడే దూరదర్శి.

ఈ విద్య ఎట్లు క్షీణించినది? కారణములు పెక్కు. 1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచినది. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ నీటిముందు ఏ త్రాడును, ఏ లంగరును నిలువదు. దానికి మనుష్యుల అజాగ్రత్తను కారణముగా చెప్పుట అన్యాయము. కాని ఆ రాత్రి పోయినవారితో, పుస్తకముల కెక్కని చేతివిద్యయెంత పోయినదో లెక్కించినవారు లేరు. పిమ్మట ఆవిరియోడలు వచ్చినవి. రేవున ఒండ్రు పేరుకొని ఓడలు మరింత దూరము తొలగినవి. 1908లో బెజవాడనుండి బందరునకు రైలు వచ్చినది. సరకులు పడమటికి తిరిగినవి. ఇంతలో త్రాటి జాతియు మారినది. 1834లో జర్మనీ దేశపు హార్జ్ గనులలో విల్హెల్మ్ ఆల్బర్ట్ ఇనుపతీగెలను పురిపెట్టి మోకు చేయు పద్ధతిని కనిపెట్టెను. ఆ శతాబ్దము గడువకమునుపే అది ఓడకొయ్యలకు ఎక్కినది. పీచును విప్పి చూచు వ్రేళ్లకు పని తగ్గినది.

అయినను ఆ విద్య ఒక్కమారుగా పోలేదు. సముద్రమునుండి కాలువలకు దిగినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణా డెల్టా కాలువలపై ధాన్యపు పడవలు నడచినవి. గాలి అనుకూలమైనప్పుడు తెరచాప, కానప్పుడు గట్టుమీదనుండి మోకుతో లాగుట. గుడివాడ ప్రాంతపు ధాన్యము, దివిసీమ ప్రజలు ఈ మోకులమీదనే ప్రయాణము చేసిరి. సముద్రపు ఓడకు వాడిన శబ్దములే, తెరచాప, చుక్కాని, లంగరు, మోకు, సరంగు, కాలువపడవలోను వినబడినవి. లారీలు వచ్చి ఆ పడవలను కూడ తొలగించినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు పోయిరి. తీరపు బెస్తపల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. పెద్దల మాటను పిన్నలకు చేర్చు గొలుసు అచ్చట మరియొకమారు తెగినది.

ఇప్పుడు కొందరు ప్రశ్నింపవచ్చును: ఇంజనులు, నైలాను త్రాళ్లు వచ్చిన కాలమున ఈ పురాణమేల? దీనికి సమాధానముగా ఇటీవలి సంగతి చెప్పెదను. 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు స్త్రీలు ‘తారిణి’ అను తెరచాప పడవపై గోవానుండి భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతియు, హైదరాబాదు నుండి బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలు. పడవ పొడవు 55 అడుగులు మాత్రమే. మహాసముద్రములను మూడింటిని దాటి, హార్ను అగ్రమును చుట్టి, తిరుగుదారిలో 2018 ఏప్రిలులో వారు అనుకొనని విధముగా మారిషసునందు ఆగవలసి వచ్చెను. కారణము తుఫాను కాదు. చుక్కానిని త్రిప్పు సాధనము చెడుట. దానిని బాగుచేసికొని 2018 మే 21న గోవా చేరిరి. గగనమునుండి దారి చూపు యంత్రములున్న కాలమునను, నడిసముద్రమున పడవ విధి ఒక అరిగిన భాగముమీద నిలిచియున్నది. మన ఘంటసాల మహానావికుడు ఆ స్త్రీల కష్టమును వెంటనే గ్రహించి యుండును. భాష తెలియకపోయినను, చేయిపెట్టి సాయపడి యుండును.

మరియొక సంగతి. అజంతా రెండవ గుహలోని ఓడచిత్రమును ఆధారముగా గొని, పీచుత్రాటితో కుట్టిన ఓడ నొకదానిని కట్టించి, నౌకాదళమువారు 2025 మే నెలలో కార్వారు రేవున స్వీకరించి ‘కౌండిన్య’ అని పేరిడిరి. పలకలను కుట్టినవారు కేరళ పనివారు. ఆ విద్య వారి చేతులలో మిగిలియుండుటచేతనే ఆ ఓడ సాధ్యమైనది. చిత్రము గోడమీద పదునైదువందల యేండ్లు నిలిచినది. కాని గోడమీది చిత్రము త్రాటిని ఎంత బిగువుగా లాగవలెనో చెప్పదు. అది చేతినుండి చేతికే రావలెను. మన నాణెములమీద ఓడ యున్నది. దానిని మరల కట్టగల చేతులు మన తీరమున ఎన్ని యున్నవి?

పడవభాగములు ఒక్కొక్కటిగా మార్చినచో అది పాతపడవయేనా, క్రొత్తదా యని తార్కికులు విచారింతురు. ఏథెన్సువారు థీసియసు ఓడను భద్రపరచుచు కుళ్లిన పలకలను మార్చుచుండగా అచ్చటి తత్త్వవేత్తలకును ఈ వాదమే పుట్టెనని ప్లూటార్కు వ్రాసెను. మన నైయాయికులు వస్త్రమునుండి ఒక పోగును తీసినచో పూర్వవస్త్రము నశించి ‘ఖండపటము’ పుట్టునని నిర్ణయించిరి. శాస్త్రమున అది సమంజసమే. పడవవాని నడిగినచో అతడు వేరుగా చెప్పును: ‘మార్చినాను గనుకనే ఇది నా తాత పడవ, మార్చకపోయినచో ఎన్నడో సముద్రములోనిది’ యనును. సంప్రదాయమునకు నేనెరిగిన నిర్వచనములలో ఇది మిక్కిలి చక్కనిది. చెడిన భాగమును చెడినదని ఒప్పుకొని మార్చుటయే పాతదానిని నిలుపుట.

శ్రోతలకు నా విన్నపములు రెండు. మచిలీపట్టణమున క్రొత్తరేవు పనులు 2023లో ఆరంభమైనవి. క్రొత్తరేవు కోరదగినదే. దానితోపాటు, గిలకలదిండి, మంగినపూడి, హంసలదీవి, నాగాయలంక పల్లెలలో పడవ యెరిగిన వృద్ధులు బ్రతికియుండగనే వారి మాటలను వ్రాసికొనుడు. ప్రతి త్రాటికి, ప్రతి ముడికి, ప్రతి కొయ్యముక్కకు వారికి పేరున్నది. మన నిఘంటువులలో వానిలో ననేకము లేవు. ఉపాధ్యాయులు ఒక్కొక్క తరగతి పిల్లలచే ఒక్కొక్క పల్లె శబ్దములను వ్రాయించినచో రెండేండ్లలో చక్కని కోశము సిద్ధమగును. ఇది మొదటిది.

రెండవది నేటి ప్రాణములకు సంబంధించినది. దివిసీమ లంకలకు, ఏళ్లకు అడ్డముగా నేటికిని జనులు పడవలమీద దాటుచున్నారు, బడిపిల్లలు దాటుచున్నారు. పడవ ఇంజనుదైనను దానిని ఒడ్డున నిలుపునది త్రాడే. నైలాను త్రాడు కుళ్లదు గాన చెడదని భ్రమపడవలదు. ఎండ దానిని పెళుసు చేయును. కావున మన పెద్దలు ఆశ్వయుజమునకు ముందు చేసినట్లు, ఏడాదికొకసారి వానలు ముదురకమునుపే ప్రతిత్రాటిని, ప్రతిగిలకను, ప్రతిసీలను చేతితో తడవి చూచి, అనుమానము కలిగినదానిని మార్చుడు. త్రాటి ఖరీదు లెక్కకు వచ్చును. తెగిన పిమ్మట పోవునది లెక్కకు రాదు.

గణపతిదేవుడు సముద్రమున పోవువారికి రాతిపై అభయమిచ్చెను. మన పేరులేని పనివారు త్రాటిలో అభయమిచ్చిరి. రాతి అభయమును మనము చదువుచున్నాము. త్రాటి అభయమును కూడ చదువ నేర్చుకొందము.